ల్యాప్‌టాప్‌లో నడిచింది, సర్వర్‌లో మొండికేసింది

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బెంగళూరు పాఠకులవే. అన్నిటిదీ ఒకటే గోడు: ఇంట్లో నడిచిన పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే భాష) స్క్రిప్టు హోస్టింగ్‌కి ఎక్కించాక నడవడం లేదు. సెట్టింగుల పేర్లు తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. 'డిస్‌ప్లే ఎర్రర్స్' లాంటి పీహెచ్‌పీ పేర్లలో మాటల మధ్య ఖాళీ ఉన్నచోట అండర్‌స్కోర్ పెట్టి, చిన్న అక్షరాల్లో టైప్ చేసుకోండి.

ప్రశ్న: మాకు రెండు పీజీ హాస్టళ్లున్నాయి. అద్దెలు, అడ్వాన్సుల లెక్కలకు మా అబ్బాయి పీహెచ్‌పీలో చిన్న అప్లికేషన్ రాశాడు. విండోస్ ల్యాప్‌టాప్‌లో, దాన్నే సర్వర్‌లా నడిపే జాంప్ మీద చక్కగా నడుస్తోంది. షేర్డ్ హోస్టింగ్‌లో పెడితే లాగిన్ పేజీ వస్తుంది, పాస్‌వర్డ్ కొట్టగానే తెల్ల పేజీ. ఎర్రర్ కూడా లేదు. కోడ్ మళ్లీ రాయాలా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: కోడ్ ముట్టుకోకండి. తెల్ల పేజీ అంటే ఎర్రర్ రాలేదని కాదు, వచ్చినది మీకు చూపలేదని. జాంప్‌తో వచ్చే పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్లో 'డిస్‌ప్లే ఎర్రర్స్' ఆన్‌లో ఉంటుంది, హోస్టింగ్ వాళ్లు దాన్ని ఆఫ్‌లో పెడతారు. వాళ్లు చేసింది సబబే. మీ టేబుల్ పేర్లు, ఫోల్డర్ దారులు దారినపోయేవాళ్లకి కనబడకూడదు. కాబట్టి అది ఆన్ చేయమని అడక్కుండా, 'లాగ్ ఎర్రర్స్' ఆన్‌లో ఉందని చూసుకుని లాగ్ ఫైల్ తెరవండి. సీప్యానెల్ (హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్) ఉన్నచోట సాధారణంగా స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌లోనే 'ఎర్రర్ లాగ్' పేరుతో ఒక ఫైల్ పెరుగుతూ ఉంటుంది. కొందరు స్క్రిప్టు మొదటి వరుసలో ఇని సెట్ ఫంక్షన్‌తో ఎర్రర్లు ఆన్ చేసి, అయినా ఏమీ కనబడలేదంటారు. సెమీకోలన్ తప్పిన ఫైల్‌ని పీహెచ్‌పీ అసలు నడపదు. నడపని ఫైల్లో మొదటి వరుస మాత్రం ఎలా నడుస్తుంది?

లాగ్ దొరికేలోపు ఒక పరీక్ష చేయండి. పాస్‌వర్డ్ కొట్టాక బ్రౌజర్ అడ్రస్ బార్ చూడండి. అందులో ఇంకా లాగిన్ ఫైల్ పేరే ఉంటే ఒక రోగం, డ్యాష్‌బోర్డ్ ఫైల్ పేరుకు మారి తెల్లబోయి ఉంటే ఇంకో రోగం. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో స్టేటస్ కూడా రాసుకోండి: 200 (అంతా సరే) వచ్చిందా, 500 (సర్వర్‌లో తప్పు) వచ్చిందా అని.

లాగిన్ ఫైల్ దగ్గరే ఆగి, స్టేటస్ 200 వస్తే 'ఇంకో పేజీకి వెళ్లు' అని బ్రౌజర్‌కి చెప్పే రీడైరెక్ట్ హెడర్ వెళ్లలేదని అర్థం. లాగ్‌లో 'హెడర్స్ ఆల్రెడీ సెంట్' అన్న వరుస ఉంటుంది. దాని పక్కనే అవుట్‌పుట్ ఏ ఫైల్లో ఎన్నో వరుసలో మొదలైందో కూడా రాసి ఉంటుంది. చాలామంది ఆ ముక్క చదవకుండా దాటేస్తారు, అసలు జవాబు అందులోనే ఉంది. హెడర్ అనేది పేజీలో మొదటి బైటు వెళ్లకముందే వెళ్లాలి. దానికి ముందు ఒక్క ఖాళీ జారినా పని చెడుతుంది. మరి ఇంట్లో ఎందుకు చెడలేదు? జాంప్ ఐఎన్ఐలో 'అవుట్‌పుట్ బఫరింగ్' 4096 అని ఉంటుంది. అంటే 4096 బైట్ల దాకా పేజీని పట్టి ఉంచి, హెడర్లను ముందు పంపిస్తుంది. మీ తప్పును అది కడుపులో దాచుకుంది. ఐఎన్ఐలో ఏమీ రాయకపోతే ఆ విలువ 0, అప్పుడు దాచేవాళ్లు లేరు.

లాగ్ చెప్పింది ఏదో ఫైల్లో 1వ వరుస అయితే, అక్కడ మీ కంటికి ఏమీ కనబడకపోతే, అది బామ్. యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే పద్ధతి) ఫైల్ మొదట్లో కొన్ని ఎడిటర్లు పెట్టే మూడు బైట్ల గుర్తు అది. పాత విండోస్ నోట్‌ప్యాడ్ ఇది తప్పకుండా పెట్టేది. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి మామూలుగా పెట్టడం మానేసింది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఫైల్ తెరిస్తే కింది పట్టీలో 'యూటీఎఫ్-8 విత్ బామ్' అని కనబడుతుంది. దాని మీద నొక్కి, 'సేవ్ విత్ ఎన్‌కోడింగ్' ఎంచుకుని, ఉత్త యూటీఎఫ్-8గా దాచండి. లాగ్ చెప్పింది చివరి వరుస అయితే పీహెచ్‌పీ మూసే గుర్తు తర్వాత ఖాళీ వరుసలున్నట్టు. గుర్తు తర్వాత ఒక్క కొత్త వరుసను పీహెచ్‌పీ తనే మింగేస్తుంది, రెండోదాన్ని మింగదు. పూర్తిగా పీహెచ్‌పీయే ఉన్న ఫైళ్లలో మూసే గుర్తు తీసేయడమే శాశ్వత మందు. సర్వర్‌లో బఫరింగ్ ఆన్ చేసినా పేజీ వస్తుంది కానీ, అది పుండు మీద గుడ్డ కప్పినట్టు.

డ్యాష్‌బోర్డ్ పేరు వచ్చి స్టేటస్ 500 అయితే ముందు అక్షరాల సైజు అనుమానించండి. విండోస్‌కి పెద్ద సి, చిన్న సి ఒకటే, లినక్స్‌కి రెండు వేరు ఫైళ్లు. ఇన్‌క్లూడ్‌లో కాన్ఫిగ్‌ని పెద్ద అక్షరంతో రాసి, ఫైల్ పేరు చిన్న అక్షరంతో ఉంటే ఇంట్లో దొరుకుతుంది, సర్వర్‌లో దొరకదు. డేటాబేస్ టేబుళ్లదీ ఇదే కథ. 'లోయర్ కేస్ టేబుల్ నేమ్స్' అనే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సెట్టింగు విండోస్‌లో 1, లినక్స్‌లో 0. అందుకే సర్వర్ 'టేబుల్ డజంట్ ఎగ్జిస్ట్' అంటుంది, మీకేమో టేబుల్ ఎదురుగానే కనబడుతూ ఉంటుంది. ఫైళ్లూ టేబుళ్లూ అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చేసుకోండి. దారుల్లో వెనక్కి వాలిన గీత ఎక్కడున్నా ముందుకు వాలిన గీతగా మార్చండి, అది విండోస్‌లోనూ నడుస్తుంది.

పేర్లన్నీ సరిగ్గా ఉంటే పీహెచ్‌పీ వెర్షన్ చూడండి. ఇంట్లో 7.4, అక్కడ 8.1 అనుకుందాం. 8.1 నుంచి మైఎస్‌క్యూఎల్‌ఐ (పీహెచ్‌పీని మైఎస్‌క్యూఎల్‌కి కలిపే ఎక్స్‌టెన్షన్) క్వెరీ విఫలమైతే మామూలుగానే ఎక్సెప్షన్ విసురుతుంది. అంతకుముందు గుట్టుగా ఫాల్స్ ఇచ్చి ఊరుకునేది. ఏళ్ల తరబడి తప్పుగా నడుస్తూ ఎవరికీ తెలియని క్వెరీ ఇప్పుడు పేజీనే ఆపేస్తుంది. 8.0లో సున్నాను అంకె కాని మాటతో రెండు ఈక్వల్ గుర్తులతో పోల్చితే వచ్చే జవాబు కూడా తలకిందులైంది: ముందు ట్రూ, ఇప్పుడు ఫాల్స్. అద్దె బాకీ సున్నా ఉన్నవాళ్ల విషయంలో మీ అప్లికేషన్ ఈ పోలిక చేస్తోందేమో ఒకసారి వెతకండి.

ఇవన్నీ ఒక్కొక్కటిగా ఊహించే శ్రమ తప్పాలంటే, రెండు చోట్లా పీహెచ్‌పీఇన్ఫో ఫంక్షన్ ఒక్కటే ఉన్న చిన్న ఫైల్ పెట్టి, వచ్చిన పేజీలను రెండు టెక్స్ట్ ఫైళ్లుగా దాచి, వీఎస్ కోడ్‌లో 'కంపేర్' చేయండి. తేడాలు రంగుల్లో కనబడతాయి. పని అయ్యాక సర్వర్‌లో ఆ ఫైల్ తీసేయడం మరిచిపోవద్దు.

ప్రశ్న: మా కర్రీ పాయింట్‌కి ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకుంటాం. అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆర్డర్లు సర్వర్‌లో నిన్నటి తేదీకి పడుతున్నాయి. ల్యాప్‌టాప్‌లో పరీక్షిస్తే అక్కడా టైం తప్పే, కానీ వేరే తప్పు!
– ఒక పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: మీరు రెండు తప్పులూ గమనించారు, అందుకే పని తేలిక. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది. మన టైం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. కాబట్టి రాత్రి 12 నుంచి తెల్లవారి 5.30 దాకా వచ్చే ఆర్డర్లన్నీ నిన్నటివిగా పడతాయి. మీ పట్టికలో తేడా సరిగ్గా 5.30 దగ్గరే ఆగుతోందేమో చూడండి. ల్యాప్‌టాప్ సంగతి వేరు. జాంప్ ఐఎన్ఐలో టైమ్‌జోన్ యూరప్ బెర్లిన్ అని రాసి వస్తుంది. ఎవరూ దాన్ని మార్చరు. బెర్లిన్‌కీ మనకీ చలికాలం నాలుగున్నర గంటలు, ఎండాకాలం మూడున్నర గంటలు తేడా. ఏప్రిల్‌లో లెక్క సరిచేసి గంటలు కూడిన కోడ్ నవంబరులో మళ్లీ తప్పుతుంది. గంటలు కూడే కోడ్ ఎక్కడున్నా ముందు తీసేయండి.

అప్లికేషన్ మొదట నడిచే ఫైల్లో టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతాగా పెట్టండి. అది పీహెచ్‌పీ వరకే. క్వెరీలో నౌ అని రాస్తే ఆ టైం మైఎస్‌క్యూఎల్‌ది, దాని గడియారం వేరు. డేటాబేస్‌కి కనెక్ట్ అయిన వెంటనే సెషన్ టైమ్‌జోన్‌ను ప్లస్ 05:30 అని ఇవ్వండి. అక్కడ ఊరు పేరు రాస్తే, మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌జోన్ టేబుళ్లు నింపి ఉండకపోతే ఎర్రర్ వస్తుంది. అంకె రాస్తే ఏ సర్వర్‌లోనైనా పనిచేస్తుంది, మన దేశంలో ఎండాకాలం గడియారం జరిపే పద్ధతి లేదు కాబట్టి అంకె ఎప్పటికీ సరిపోతుంది.

పాత ఆర్డర్లు సరిచేసే ముందు కాలమ్ రకం చూడండి. టైమ్‌స్టాంప్ అయితే, నౌ తో నింపినవి సెషన్ టైమ్‌జోన్ మార్చగానే వాటంతట అవే సరిగ్గా కనబడతాయి. వాటికి మళ్లీ అయిదున్నర గంటలు కలిపితే పాడుచేసినట్టే. డేట్‌టైమ్ అయితే రాసింది రాసినట్టు ఉంటుంది, వాటిని మీరే అప్‌డేట్ చేయాలి, అదీ బ్యాకప్ తీసుకున్నాకే.

ప్రశ్న: మా తెలుగు సంఘం సభ్యుల పేర్లు తెలుగులో నమోదు చేస్తాం. సర్వర్ మార్చాక కొన్ని పేర్లు ప్రశ్నార్థకాలయ్యాయి, కొన్ని టోపీ పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాల్లా వస్తున్నాయి. ఇంకో పేజీలో జాబితా మొత్తం ఖాళీ. డేటా పోయినట్టేనా?
– సంఘం కార్యకర్త, బీటీఎం లేఔట్

జవాబు: మూడూ వేర్వేరు. ఏది పోయిందో ఏది ఉందో చెప్పేది హెక్స్ ఫంక్షన్ ఒక్కటే. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఆ పేరు కాలమ్‌ను హెక్స్‌లో చుట్టి సెలెక్ట్ చేయండి. స్క్రీన్ మీద కనబడే అక్షరాలు అబద్ధం చెప్పవచ్చు, బైట్లు చెప్పవు.

తెలుగు అక్షరం ఒక్కోటీ యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఆ మూడూ ఈ0 బీ0 అనో ఈ0 బీ1 అనో మొదలవుతాయి. (పక్కింటి కన్నడ అక్షరాలు ఈ0 బీ2, ఈ0 బీ3. యూనికోడ్‌లోనూ మనం పొరుగువాళ్లమే.) హెక్స్‌లో అవి కనబడితే డేటా క్షేమం, చదివే కనెక్షనే తప్పు. వరసగా 3ఎఫ్ 3ఎఫ్ అని ఉంటే అవి నిజంగానే ప్రశ్నార్థకాలు. పశ్చిమ యూరప్ అక్షరాలకే పనికొచ్చే లాటిన్1 కాలమ్‌లో తెలుగు పట్టక, రాసేటప్పుడే మైఎస్‌క్యూఎల్ వాటిని అలా మార్చేసింది. స్ట్రిక్ట్ మోడ్ ఉన్న సర్వర్ అయితే 1366 ఎర్రర్‌తో ఆపేది, లేనిది చప్పుడు చేయకుండా తినేసింది. వాటిని ఏ క్వెరీ తిరిగి తేలేదు. పాత సర్వర్ బ్యాకప్ నుంచో, సభ్యత్వ ఫారాల నుంచో మళ్లీ ఎక్కించుకోవాలి.

సీ3 ఏ0 అని మొదలైతే అది టోపీ అక్షరాల కేసు, రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. పాత సర్వర్‌లో కనెక్షన్ లాటిన్1లో ఉండేది. తప్పు కళ్లద్దాలతో రాశారు, అవే కళ్లద్దాలతో చదివారు, అందుకే అన్నాళ్లూ తెలుగు బాగానే కనిపించింది. కొత్త సర్వర్‌లో కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు). అద్దాలు మారేసరికి పాత రాత అసలు రూపం బయటపడింది. దీన్ని బాగుచేయవచ్చు: ఆ కాలమ్‌ను లాటిన్1కి మార్చి, తర్వాత బైనరీ రకానికి, అక్కడి నుంచి యూటీఎఫ్8ఎంబీ4కి మార్చాలి. మధ్యలో బైనరీ మెట్టు దాటవేస్తే మైఎస్‌క్యూఎల్ మళ్లీ అనువాదం చేసి ఇంకా చెడగొడుతుంది. ఒక ముఖ్యమైన జాగ్రత్త: సర్వర్ మారాక కొత్తగా నమోదైన పేర్లు అదే కాలమ్‌లో సరైన బైట్లతో ఉన్నాయి. కాలమ్ మొత్తం ఒకేసారి మార్చితే అవి ప్రశ్నార్థకాలవుతాయి. కాబట్టి టేబుల్‌కి నకలు తీసి, పాత వరుసలను మాత్రం నకలులో మార్చి, సరిగ్గా వచ్చాయని నాలుగు పేర్లు చదివి చూసి, ఆపై అసలు టేబుల్‌లోకి తెచ్చుకోండి.

ఇకముందు ఇది రాకుండా, కనెక్ట్ అయిన వెంటనే సెట్ క్యార్‌సెట్ ఫంక్షన్‌కి యూటీఎఫ్8ఎంబీ4 ఇవ్వండి. డేటాబేస్‌కి పీడీఓ ద్వారా కనెక్ట్ అయితే కనెక్షన్ వరుసలోనే క్యార్‌సెట్ రాయండి. పాత యూటీఎఫ్8లో తెలుగు పడుతుంది కానీ 4 బైట్ల ఎమోజీ పట్టదు. పేరు పక్కన దండం బొమ్మ పెట్టే సభ్యులు ప్రతి సంఘంలోనూ ఉంటారు.

ఖాళీ జాబితా సంగతి. పేరు పొడుగైతే కత్తిరించడానికి మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ వాడి ఉంటారు. అది బైట్లు లెక్కపెడుతుంది. 'తెలుగు' కంటికి 3 అక్షరాలు, యూనికోడ్ లెక్కలో 6, బైట్లలో 18. పది బైట్ల దగ్గర కోస్తే మూడు యూనికోడ్ గుర్తులు నిలిచి నాలుగోదాంట్లో ఒక ముక్క మిగులుతుంది. జాబితాను బ్రౌజర్‌కి పంపే రూపంలోకి మార్చే జేసన్ ఎన్‌కోడ్‌కి ఆ విరిగిన ముక్క ఎదురైతే జాబితా మొత్తానికీ ఫాల్స్ ఇస్తుంది, పేజీ ఖాళీ. హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్ కూడా 8.1కి ముందు ఇలాంటి మాటకు ఖాళీ ఇచ్చేది, 8.1 నుంచి విరిగిన చోట ఒక గుర్తు పెట్టి మిగతాది చూపిస్తుంది. అందుకే ఒకే కోడ్ ఒకచోట ఖాళీ, ఒకచోట చెత్త అక్షరం. ఎంబీ సబ్‌స్ట్రింగ్ వాడండి. అది మల్టీబైట్ ఎక్స్‌టెన్షన్‌లో ఉంటుంది, జాంప్‌లో ఆన్‌లోనే వస్తుంది, ఉబుంటు సర్వర్‌లో మాత్రం పీహెచ్‌పీ ఎంబీస్ట్రింగ్ ప్యాకేజీ విడిగా వేయాలి. ఎంబీ సబ్‌స్ట్రింగ్ కూడా కొమ్మును అక్షరం నుంచి విడదీసే అవకాశం ఉంది. గుణింతం చెదరకూడదంటే ఐఎన్‌టీఎల్ ఎక్స్‌టెన్షన్‌లోని గ్రాఫీమ్ సబ్‌స్ట్రింగే సరైనది.

ప్రశ్న: హోం పేజీ వస్తుంది, లోపలి ఏ లింకు నొక్కినా 404. హెచ్‌టీయాక్సెస్ ఫైల్ ఉంది, చూశాను.
– ఒక విద్యార్థి, వైట్‌ఫీల్డ్

జవాబు: హెచ్‌టీయాక్సెస్ (అపాచీ వెబ్ సర్వర్‌కి ఫోల్డర్‌వారీ ఆదేశాలిచ్చే ఫైల్) ఉండటం వేరు, సర్వర్ దాన్ని చదవడం వేరు. ఫైల్లో మొదటి వరుసగా అర్థంలేని ఏదో మాట రాసి పేజీ తెరవండి. 500 వస్తే చదువుతోంది, ఏ మార్పూ లేకపోతే చదవడం లేదు.

చదవని సర్వర్ అపాచీ అయితే 'అలౌఓవర్‌రైడ్' నన్‌గా ఉంది. 2.4లో మామూలు విలువ అదే, జాంప్ మాత్రం ఆల్ పెట్టి ఇస్తుంది. మీ సైటు ఫోల్డర్‌కి ఆల్ పెట్టి, రీరైట్ మాడ్యూల్ ఆన్ చేసి, అపాచీని రీస్టార్ట్ చేయండి. ఎంజిన్‌ఎక్స్ అయితే హెచ్‌టీయాక్సెస్ ఎప్పటికీ చదవదు. దాని సొంత కాన్ఫిగ్‌లో ట్రై ఫైల్స్ వరుస రాయాలి: ముందు ఆ పేరుతో ఫైల్, తర్వాత ఫోల్డర్, రెండూ లేకపోతే ఇండెక్స్ ఫైల్, దాని వెనక క్వెరీ స్ట్రింగ్. చివరిది మరిస్తే పేజీలు వస్తాయి కానీ సెర్చ్, పేజీ నంబర్లు పనిచేయవు.

ప్రశ్న: నెలనెలా చిట్టీ గుర్తు చేసే మెసేజ్ స్క్రిప్టు చేత్తో నడిపితే వెళ్తుంది, వేళకి దానంతటదే నడిపే క్రాన్‌లో పెడితే వెళ్లదు.
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: క్రాన్ వరుస చివర అవుట్‌పుట్, ఎర్రర్ రెండూ ఒక ఫైల్లోకి వెళ్లేలా పెట్టండి. అది లేకుండా క్రాన్‌తో కుస్తీ పట్టడం చీకట్లో సూది వెతకడమే.

'బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్' అని వస్తే స్క్రిప్టు విండోస్‌లో రాసింది. మొదటి వరుస చివర కనబడని క్యారేజ్ రిటర్న్ ఉండి, పీహెచ్‌పీ పేరులో అదీ భాగమనుకుంటోంది లినక్స్. డాస్2యూనిక్స్ కమాండ్‌తో శుభ్రం చేయండి. 'కమాండ్ నాట్ ఫౌండ్' అయితే క్రాన్ కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా (పాత్) చాలా పొట్టిదని, పీహెచ్‌పీకి పూర్తి దారి రాయాలని. ఇన్‌క్లూడ్ ఫైల్ దొరకలేదంటే, క్రాన్ మీ స్క్రిప్టు ఫోల్డర్‌లో కాక హోం ఫోల్డర్‌లో నిలబడి నడుపుతోంది. ఇన్‌క్లూడ్‌లన్నీ డిర్ అనే కాన్‌స్టెంట్‌తో మొదలుపెట్టండి, పెద్ద అక్షరాల్లో, అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లతో.

ఇవేవీ కాక, మెసేజ్ పంపే ఎక్స్‌టెన్షన్ లేదని వస్తే ఐఎన్ఐ ఫైల్ వేరు. ఉబుంటులో బ్రౌజర్ నుంచి నడిచే పీహెచ్‌పీకి ఒక ఐఎన్ఐ, టెర్మినల్, క్రాన్‌లలో నడిచేదానికి సీఎల్‌ఐ ఫోల్డర్‌లో ఇంకొకటి. ఒకదాంట్లో చేసిన మార్పు రెండోదానికి తెలియదు. ఇంకో తేడా: టైం లిమిట్ బ్రౌజర్‌లో మామూలుగా 30 సెకన్లు, సీఎల్‌ఐలో అసలు లేదు. పైగా లినక్స్‌లో ఆ 30 సెకన్లలో డేటాబేస్ కోసం, బయటి సర్వర్ కోసం ఎదురుచూసిన సమయం లెక్కకు రాదు, విండోస్‌లో వస్తుంది. ల్యాప్‌టాప్‌లో 'మ్యాగ్జిమమ్ ఎగ్జిక్యూషన్ టైం' అని ఆగిన స్క్రిప్టు సర్వర్‌లో హాయిగా నడవడానికి కారణం ఇదే.

ప్రశ్న: మా ట్యూషన్ సెంటర్‌లో 70 మంది పిల్లలు, ఒక్కొక్కరికి 16 గడులు. సేవ్ కొడితే చివరి పిల్లల మార్కులు మాత్రం పడటం లేదు.
– ఒక టీచర్, కోరమంగళ

జవాబు: 70 పదహార్లు 1120. పీహెచ్‌పీ ఒక ఫారం నుంచి మామూలుగా 1000 గడులే తీసుకుంటుంది, మిగిలినవాటిని వదిలేస్తుంది. 'మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్' అనే సెట్టింగు అది. 63వ పిల్లవాడి దగ్గర సగంలో తెగుతోందేమో చూడండి. ఇంట్లో పది పేర్లతో పరీక్షించి ఉంటారు, అందుకే దొరకలేదు. ఇని సెట్‌తో ఇది మారదు, ఎందుకంటే స్క్రిప్టు మొదలయ్యేసరికే ఫారం చదవడం అయిపోతుంది. ఎఫ్‌పీఎం (వెబ్ సర్వర్‌కి బయట పీహెచ్‌పీని విడిగా నడిపే పద్ధతి) హోస్టింగ్ అయితే సైటు ఫోల్డర్‌లో 'యూజర్ డాట్ ఐఎన్ఐ' అనే ఫైల్ పెట్టి (పేరు ముందు కూడా డాట్ ఉండాలి) 3000 అని రాయండి. హెచ్‌టీయాక్సెస్‌లో పీహెచ్‌పీ వాల్యూ అని రాస్తే అక్కడ సైటు మొత్తం 500 అవుతుంది. రాసిన వెంటనే మార్పు కనబడలేదని తీసేయకండి, ఆ ఫైల్‌ని పీహెచ్‌పీ మామూలుగా 300 సెకన్లకోసారే చదువుతుంది. అయిదు నిమిషాలాగి మళ్లీ సేవ్ కొట్టండి.